రెండు పెన్సిలు సున్నాలు

2 మార్చి 2003, ఆదివారం

వాక్యం బాగా దొరికింది. గంటన్నర నిలబడి ప్రసంగించాను. మా ప్రార్థన షెడ్డు రేకులు అదిరాయి. కాశీరావు వద్దన్నా వినకుండా వాల్యూమ్ పెంచాడు. సంఘపెద్ద కదా, ఆంప్లిఫయర్ అతని చేతిలోనే ఉంటుంది. కరకట్ట మీద ఆటోలు కూడా ఆగాయట.

చివర జాన్‌బాబుని ముందుకి మోసుకొచ్చి కూర్చోబెట్టాం. అందరం చేతులుంచి ప్రార్థించాం. వాడు లేవలేదు.

ఇంటికొచ్చాక అన్నాడు, నాన్నా, ఇంక నన్ను ముందు కూర్చోబెట్టకు, నేను లేవకపోతే జనం చూసేది నన్ను కాదు, నిన్ను అని. పద్నాలుగేళ్ళ పిల్లాడు. 

5 మార్చి, బుధవారం

మధ్యాహ్నం లేత్ ఆపేసి, చేతుల గ్రీజు వదిలించుకుని, ఆటోనగర్ నుంచి పటమట నడిచాను. పాత మేడ రెండో అంతస్తులో లాబ్. పద్మశ్రీ గారు మందు రాసిచ్చే డాక్టరు కాదు, కండరాల జబ్బుల మీద పరిశోధన చేస్తారు. కంకిపాడు దగ్గర రైతుల అమ్మాయి. పోయినేడు జాన్‌బాబు తొడలోంచి చిన్న కండ ముక్కా, మా ముగ్గురి రక్తమూ తీసుకున్నది ఆవిడే.

మేనరికమా అండీ అని అడిగారు. అవునన్నాను. బుల్లెమ్మ మా అక్క పేరమ్మ కూతురు. కొల్లేటి లంకల్లో అది మామూలే. పురిటి మంచం మీదే అక్క అనేసింది, పిల్ల నీదేరా తమ్ముడూ, బయట చూడకు అని. అప్పటికి నాకు పన్నెండేళ్ళు. బుల్లెమ్మ ఇప్పటికీ నన్ను మావయ్యా అనే పిలుస్తుంది.

ఆవిడ చెప్పింది మర్చిపోకముందే రాసుకుంటున్నాను. ఒక ప్రోటీను ఉందట. కండ కణం అంచుకి చేరి అక్కడ నిలబడాలట. దాన్ని తయారుచేసే జీన్‌లో జాన్‌బాబుకి ఒకచోట మార్పు ఉంది. ఆ జీన్ ప్రతి మనిషికీ రెండు కాపీలు. నాలో ఒకటి మంచిది, ఒకటి మారింది. బుల్లెమ్మలోనూ అంతే. మారినవి రెండూ వీడికి వచ్చాయి. అంతేనండీ అన్నారు, బస్సు తప్పిపోయింది అన్నంత మామూలుగా.

అయితే సగం నా వల్లే అన్నాను.

అప్పుడే అనకండి ఏసుపాదం గారూ అన్నారు. మార్పు కనపడగానే అదే దొంగ అనలేం, ఏ హానీ చెయ్యని మార్పులు మనుషుల్లో బోలెడుంటాయి, రుజువు చెయ్యాలి, దానికి ప్లాస్మిడ్ కావాలి అన్నారు.

ప్లాస్మిడ్ అంటే ఉంగరంలా చుట్టుకుని ఉండే డిఎన్ఏ. మంచి జీన్ ఒక ఉంగరంలో, వీడి జీన్ ఇంకో ఉంగరంలో పెడతారు. ప్రోటీను తయారైనప్పుడు దాని చివర తోకలా ఇంకో చిన్న ప్రోటీను అంటుకుని వస్తుంది. దాన్ని ట్యాగ్ అంటారు. నీలం లైటు వేస్తే అది ఆకుపచ్చగా వెలుగుతుంది. ఆ ఉంగరాల్ని డిష్‌లో పెంచే మనిషి కణాల్లోకి పంపితే కణాలే ఆ ప్రోటీన్ని చేసి పెడతాయి. మంచిది అంచుకి చేరుతుంది. వీడిది చేరిందో లేదో ఆకుపచ్చ రంగు చెబుతుంది.

లేత్ మనిషికి అర్థం కాకపోవడానికేముంది. డ్రాయింగు, దాని ప్రకారం కోసిన ఇనప ముక్క, ముక్క మీద రంగు చుక్క.

దాంతో వాడికి నయమవుతుందా అన్నాను. అవదండీ అన్నారు. మొహం తిప్పుకోకుండా చెప్పారు. ఎందువల్ల వచ్చిందో మాత్రం తెలుస్తుంది అన్నారు.

బుల్లెమ్మకి చెప్పలేదు.

6 మార్చి, ఉదయం అయిదు

పదకొండేళ్ళుగా ఏ పుస్తకంలోనూ రాయనిది రాస్తున్నాను.

పెద్దవాడు హేమసుందర్ కూడా ఇలాగే నడక పోయి, ఊపిరి పోయి, 1992లో వెళ్ళిపోయాడు. వాడు మంచాన ఉండగా బుల్లెమ్మ ట్రంకుపెట్టెలో చీర మడతల మధ్య పెద్దింట్లమ్మ కుంకం పొట్లం దొరికింది. కొల్లేటి అమ్మవారు. బాప్తిస్మం తీసుకున్నాక కూడా దాచుకుంది. మా అమ్మ చేత్తో కట్టిచ్చింది మావయ్యా, పారెయ్యబుద్ధి కాలేదు అంది.

ఆ ఆదివారం ఆమెను సంఘం ముందు నిలబెట్టాను. మైకు ఆమె నోటి దగ్గర పట్టుకున్నది నేనే. నా అవిశ్వాసం వల్ల నా కొడుకు కాళ్ళు పడిపోయాయి అని చెప్పించాను. మూడు వారాలకి వాడు పోయాడు. సంఘం పెరిగింది. భయంతో పెరిగింది. ఆ సంగతి నాకు తెలుసు.

అప్పటినుంచి సంఘమంతా కలిసి తినే ప్రేమవిందులో బుల్లెమ్మ చేసిన చేపల పులుసు ఎవరూ వడ్డించుకోరు. కొల్లేటి ఆడవాళ్ళ చేతి పులుసుకి ఎంత పేరు. గిన్నె అలాగే మూతతో ఇంటికొస్తుంది. రాత్రికి మేం ముగ్గురం తింటాం. 

ఇప్పుడు పద్మశ్రీ గారు సగం నీది అనబోతున్నారు. ఇంకా అనలేదు. రుజువు కావాలన్నారు.

రుజువు రానంతకాలం 1992 నాటి మాట నిలబడే ఉంటుంది.

23 మార్చి, ఆదివారం

సాయంత్రం కూటానికి మగవాళ్ళు తొమ్మిది మంది. మిగతావాళ్ళు టీవీల ముందు. ప్రపంచ కప్ ఫైనల్ ఓడిపోయాం.

12 ఏప్రిల్, శనివారం

పద్మశ్రీ గారు వాడిని చూడ్డానికి వచ్చి గంటసేపు కూర్చున్నారు. నేను పనిలో ఉన్నాను. వాడు అన్నీ కూపీ లాగాడు. ఉంగరాలు, తోక, ఆకుపచ్చ లైటు, అన్నీ నాకన్నా బాగా చెప్పాడు. చెప్పి, నాన్నా, ఆ ట్యాగ్ కూడా మృగం ముద్రేనా, అయితే చెప్పు, ముందే పశ్చాత్తాపపడిపోతాను అన్నాడు. లోకాంతానికి సైతాను వేసే ముద్ర బార్‌కోడేనని 1999లో నేను చేసిన ప్రసంగం వీడు వదల్లేదు. ఆ దెబ్బకి సంఘంలో ఆరు నెలలు ఎవరూ బిస్కెట్ ప్యాకెట్ కొనలేదు. బుల్లెమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు విని చాలా కాలమైంది.

తర్వాత వాడు నవ్వకుండా అడిగాడు. పుట్టుగుడ్డివాడిని చూపించి, ఇది ఎవరి పాపం, వీడిదా, కన్నవాళ్ళదా అని శిష్యులు అడిగిన సంగతి ఉంది కదా, నువ్వు దాని మీద ఒక్కసారి కూడా మాట్లాడవేం అన్నాడు. ఇద్దరిదీ కాదని ప్రభువు చెప్పాడు కదా అని కూడా అన్నాడు.

మాట్లాడతాలేరా అన్నాను.

అయితే ముందు నాకు చెప్పు. అన్నయ్యకీ నాకూ ఇది అమ్మ వల్లే వచ్చిందా.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

రిపోర్టు రానివ్వు అన్నాను. వస్తే అందరి ముందూ చెబుతావా అన్నాడు. చెబుతానన్నాను. ఎప్పుడు వస్తుంది అన్నాడు. రెండు నెలలన్నాను. అప్పటిదాకా ఉంటాలే అన్నాడు, రైలు కోసం కూర్చున్నవాడిలా.

26 ఏప్రిల్, శనివారం

సికింద్రాబాద్ సభలు ముగిశాయి. మూడు రోజులు, రోజుకి రెండు పూటలు. గొంతు పోయింది. కృష్ణా ఎక్స్‌ప్రెస్‌లో వచ్చాను.

ఈరోజు చేసిన పని రాస్తాను. దాచి రాస్తే ఇది ఎందుకు.

ప్లాస్మిడ్‌లు హైదరాబాద్‌లో పద్మశ్రీ గారి స్నేహితురాలు తయారుచేసింది. ఒకసారి పోస్టులో పంపితే దారిలో పోయిందట. ఎలాగూ వెళ్తున్నారు కదా, మీ చేత్తో తీసుకురండి, మీకన్నా నమ్మకమైన మనిషి ఎవరు అన్నారు పద్మశ్రీ గారు. ఆ అమ్మాయికి ఏడో నెల. మెట్లు దిగి వచ్చి మరీ కవరిచ్చింది. కవరులో ప్లాస్టిక్ సంచీ, సంచీలో అద్దుడు కాగితంలాంటి దళసరి కాగితం ముక్క. దాని మీద పెన్సిలుతో రెండు సున్నాలు. ఒకదాని కింద 1, ఒకదాని కింద 2. సున్నాల్లో ఏమీ లేదు. చుక్క నీళ్ళలో ప్లాస్మిడ్ కలిపి అక్కడ వేసి ఆరబెట్టారట. ఆరితే కనపడదు కాబట్టి చుట్టూ పెన్సిలు గీత. ఇక్కడ ఆ సున్నా కత్తిరించి నీళ్ళలో నానేస్తే మళ్ళీ వస్తుందట. తెరవకండి అంకుల్, తడి తగలనివ్వకండి అని రెండుసార్లు చెప్పింది.

మధిర దాటాక తెరిచాను.

నా ముందు జనం ఏ కాగితం పెట్టినా, హాల్ టికెట్టు, కోర్టు నోటీసు, పొలం దస్తావేజు, ఏదైనా, ప్రార్థన నూనె రాసి ప్రార్థిస్తాను. ముప్పై ఏళ్ళ అలవాటు. సీసా సంచీలోనే ఉంటుంది. బైబిల్లో ఉన్ని నేల మీద పరచి, పొద్దున మంచు దాని మీద పడిందా లేదా అని దేవుణ్ణి పరీక్షించినవాడి సంగతి గుర్తొచ్చింది. ఇదే నా ఉన్ని అనుకున్నాను. వేలు నూనెలో ముంచి ఒక సున్నా మీద, ఇంకో సున్నా మీద రాశాను.

ఏమని ప్రార్థించానో కూడా రాయాలి. నా పాలు ఇందులో లేకపోతే దీన్ని మూగదాన్ని చెయ్యి అన్నాను. కాదు. అబద్ధం. నా పాలు ఉన్నా లేకపోయినా దీన్ని మూగదాన్ని చెయ్యి అన్నాను.

నూనె కాగితమంతా పాకింది. భయమేసింది. బోగీ చివర వాష్‌బేసిన్ దగ్గరకెళ్ళి తడి రుమాలుతో తుడిచాను. రెండు వైపులా తుడిచాను. కిటికీ దగ్గర పట్టుకుని ఆరబెట్టాను. ఎర్రటి ఎండ. కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్ గొట్టాలు కనపడేసరికి ఆరిపోయింది. సున్నాలు అలాగే ఉన్నాయి. చూసినవాళ్ళకి తేడా తెలియదు.

స్టేషన్ నుంచి సరాసరి పటమట వెళ్ళి ఇచ్చాను. చాలా థాంక్సండీ అన్నారు. మజ్జిగ ఇచ్చారు. తాగాను.

5 మే, సోమవారం

పద్మశ్రీ గారు షాపుకి ఫోన్ చేశారు. ఉంగరాల్ని ముందు బ్యాక్టీరియాలోకి ఎక్కించి పెంచాలట. రెండుసార్లు చేశారు. ప్లేటు మీద ఒక్క చుక్క కూడా మొలవలేదట. కాగితం మీద జిడ్డు మరక ఉంది, ఏమైనా తగిలిందా అండీ అని అడిగారు.

రైల్లో వడ తిన్నానండీ అన్నాను.

వడ తిన్న మాట నిజమే.

11 మే, ఆదివారం

ఈరోజు ప్రసంగంలో అనేశాను. మనుషుల లాబొరేటరీలో ప్రభువు నోరు మూయించాడు అన్నాను. ఆమెన్ అని అరిచారు. కాశీరావు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

బుల్లెమ్మ ఒక్కతే నా వంక చూసింది. నేను పైకి, రేకుల వంక చూశాను.

2 జూన్, సోమవారం

ఎండలకి జనం రాలిపోతున్నారు. షాపులో ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. జాన్‌బాబుకి తడి దుప్పటి కప్పి కూర్చుంటోంది బుల్లెమ్మ. కృష్ణలో నీళ్ళు లేవు. వాడిలో కండ లేదు.

మళ్ళీ కాగితం పంపాలంటే హైదరాబాద్ అమ్మాయి పురిటికి వెళ్ళింది. మిగిలిన ప్లాస్మిడ్ ఫ్రీజర్‌లో ఎక్కడ పెట్టిందో ఆమెకే తెలుసట.

17 జూలై, గురువారం

వారం వారం అడుగుతున్నాడు. వచ్చిందా నాన్నా అని. ఇప్పుడు వాక్యం మధ్యలో ఊపిరి తీసుకుంటున్నాడు. వచ్చిందా. నాన్నా.

3 ఆగస్టు, ఆదివారం

పొద్దున ప్రసంగానికి నిలబడ్డాను. అబద్ధమాడి కుప్పకూలి చచ్చిపోయిన భార్యాభర్తల భాగం తెరుచుకుంది. పేజీ తిప్పాను. మళ్ళీ అదే కనపడింది. తలనొప్పి అని చెప్పి కూర్చున్నాను.

4 ఆగస్టు, సోమవారం

పద్మశ్రీ గారికి చెప్పేశాను. నూనె, తడి రుమాలు, వడ, అన్నీ.

కోప్పడతారనుకున్నాను.  మూడు నెలలండీ అన్నారు. తర్వాత అన్నారు, ఆ పిల్లని నేను ఎంత మాటన్నానో తెలుసా, నీ ప్రిపరేషన్ చెత్తగా ఉంది, బుర్ర ఎక్కడ పెట్టావే అన్నాను, ఎనిమిదో నెలలో ఉన్న పిల్లని ఏడిపించాను, మీరు తాపీగా మజ్జిగ తాగి వెళ్ళారు అని.

ఆమెకి మీరే చెప్పండి అని ఫోన్ నా ముందుకి తోశారు. చేశాను. వెనక పసిబిడ్డ ఏడుపు వినపడింది. ఆ అమ్మాయి అంతా విని, అయ్యో అంకుల్, నన్ను అడిగితే ఇంకో కాగితం ఇచ్చేదాన్ని కదా, దాని మీద ప్రార్థన చేసుకునేవారు అంది.

కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే దిగాను. జాన్‌బాబుకి మెట్లు ఎలా ఉండేవో తెలిసింది.

6 సెప్టెంబర్, శనివారం

పద్మశ్రీ గారు స్వయంగా బస్సులో వెళ్ళి కొత్త కాగితం తెచ్చారు. బ్యాక్టీరియా మొలిచింది. ఇక కణాల్లోకి పంపాలి.

23 సెప్టెంబర్, మంగళవారం

కరెంటు పోయింది. జనరేటర్ అందుకోలేదు. ఇంక్యుబేటర్‌లో కణాలన్నీ పోయాయట. కొత్తవి హైదరాబాద్ నుంచి తెచ్చి పెంచాలి. ఇంకో నెల.

మేలోనే మొలిచి ఉంటే ఈ పాటికి ఎప్పుడో అయిపోయేది. ఆ మాట ఆవిడ అనలేదు.

8 అక్టోబర్, బుధవారం, మధ్యాహ్నం

వచ్చిందా అన్నాడు. పై వారం అన్నాను. తల ఊపాడు. బుల్లెమ్మని పిలిచి, ఆమె చెయ్యి పట్టుకుని పడుకున్నాడు. నా చెయ్యి అడగలేదు.

9 అక్టోబర్

ఉదయం ఏడుంబావుకి జాన్‌బాబు.

13 అక్టోబర్, సోమవారం

నాలుగో రోజు. సమాధుల తోటకి ఒక్కణ్ణే వెళ్ళాను. చచ్చి నాలుగు రోజులైనవాణ్ణి ప్రభువు పేరు పెట్టి పిలిస్తే కట్లతోనే నడిచి వచ్చిన సంగతి ఎన్ని సభల్లో చెప్పానో లెక్కలేదు. ఆ భాగం దగ్గర నా గొంతుకి జనం లేచి నిలబడేవాళ్ళు.

మట్టి ఇంకా తడిగా ఉంది. నోరు తెరిచాను. పిలవలేకపోయాను.

19 అక్టోబర్, ఆదివారం

ప్రసంగం కాశీరావు చేశాడు.

మా అక్క పేరమ్మ కొల్లేటి నుంచి వచ్చి పది రోజులైంది. ఈరోజు అన్నం పెడుతూ మొదలుపెట్టింది. ఒరేయ్ తమ్ముడూ, మన మామ్మకి పుట్టిన మగపిల్లలు ఇద్దరు ఇట్టాగే నడవలేకపోయారంట, మన తాత బళ్ళోకి పడవలో మోసుకెళ్ళేవోడంట, పదేళ్ళు దాటలేదంట ఇద్దరూ అంది. ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే అన్నాను.

నువ్వు అడిగావా, నీకు అడిగే నోరుందా, చెప్పే నోరే గానీ అంది. మన మామ్మకి బాప్తిస్మం లేదు, దాచుకున్న పొట్లమూ లేదు, ఊరంతా కుంకం పెట్టుకునే తిరిగేది, మరి అప్పుడు అవిశ్వాసం ఎవరిదిరా అంది. నా కూతుర్ని నీకిచ్చింది మైకు ముందు నిలబెట్టడానికా అంది.

బుల్లెమ్మ పక్కనే ఉంది. ఊరుకో అమ్మా అనలేదు.

28 నవంబర్, శుక్రవారం

రిపోర్టు వచ్చింది. ఇద్దరూ రండి అన్నారు పద్మశ్రీ గారు.

బుల్లెమ్మ జాన్‌బాబు పోయాక మొదటిసారి గడప దాటింది. చీకటి గది. ఒక మైక్రోస్కోపు. ముందు మంచి జీన్ డిష్ చూపించారు. నేను చూశాను. ప్రతి కణానికీ అంచంతా సన్నటి ఆకుపచ్చ గీత. బుల్లెమ్మ చూసి, గట్టు కట్టినట్టుంది అంది.

తర్వాత రెండోది. అంచు మీద ఏమీ లేదు. మధ్యలో ముద్దగా, ఆకుపచ్చగా, ఇరుక్కుపోయి ఉంది. ప్రతి కణంలోనూ అంతే.

ఇది మావాడిదా అంది బుల్లెమ్మ. అవునమ్మా అన్నారు పద్మశ్రీ గారు. ఒడ్డుకి రాలేదే అంది. రాలేదమ్మా, కణమే దారిలో ఆపేసింది అన్నారు.

ఈ కణాలు ఎవరివండీ అని అడిగింది. ముప్పై ఏళ్ళ కిందట ఏదో దేశంలో పుట్టకుండానే పోయిన బిడ్డవట. అప్పటినుంచీ లాబుల్లో పెరుగుతూనే ఉన్నాయట. వేరే రోజైతే నేను దాని మీద మూడు వారాలు ప్రసంగించేవాణ్ణి. బుల్లెమ్మ, వాళ్ళమ్మకి తెలుసా అండీ అంది. పద్మశ్రీ గారు తెలియదన్నారు. తెలియనిది ఆవిడకో, ఆ తల్లికో, మేం అడగలేదు.

బుల్లెమ్మ మళ్ళీ కన్ను పెట్టింది. కన్ను తియ్యకుండానే అడిగింది. కుంకం వల్ల ఇట్టా అవుతుందా అండీ.

కుంకమా అన్నారు పద్మశ్రీ గారు. ఆవిడకేమీ తెలియదు. కుంకానికీ దీనికీ సంబంధం ఏముంటుందమ్మా, మీ ఇద్దరిలోనూ ఉన్నది మీ పూర్వీకుల నుంచి వచ్చిన ఒకే మార్పు, ఆయన దగ్గర సగం, మీ దగ్గర సగం, ఎవరి తప్పూ కాదు అన్నారు.

సరే అంది బుల్లెమ్మ. చెంగుతో మైక్రోస్కోపు కన్ను దగ్గర తడి తుడిచింది. సారీ అండీ అంది.

సిటీ బస్సులో నూనె సంగతి చెప్పాను. రైలు, రుమాలు, అంతా. వినిందో లేదో తెలియలేదు. భవానీపురం స్టాపులో దిగాక అంది, అయితే వాడు వినకుండానే పోయాడు అని.

6 డిసెంబర్, శనివారం

ఆమె నాతో మాట్లాడుతోంది. అన్నం తిను మావయ్యా. నీళ్ళు కాగాయి మావయ్యా. అంతవరకే.

13 డిసెంబర్, శనివారం

రేపు సంఘం ముందు ఒప్పుకోవాలని నిర్ణయించుకున్నాను. వాడికి మాటిచ్చాను. మూడు రోజులు ఉపవాసముండి ప్రసంగం రాశాను. పదకొండు పేజీలు వచ్చింది. పుట్టుగుడ్డివాడితో మొదలు.

కాశీరావుకి ముందుగా చెప్పాను. తల పట్టుకున్నాడు. అన్నా, మీ మాట మీద కదా మేం ఇన్నాళ్ళూ భయపడి బతికింది, ఇప్పుడు అది తప్పంటే ఇంకెన్ని తప్పో అని జనం తవ్వుతారు, దైవచిత్తం అనేసి ఊరుకోండి, క్రిస్మస్ ముందు ఎందుకీ గొడవ అన్నాడు. అతని భార్య షుగర్ బిళ్ళలు మానేసింది నా ప్రసంగం విని. ఆ సంగతి ఇద్దరికీ గుర్తొచ్చింది. 

ఇంటికొచ్చి బుల్లెమ్మకి చెప్పాను. రేపు నువ్వు ముందు వరసలో కూర్చో, అందరి ముందూ నీ కాళ్ళు పట్టుకుంటాను అన్నాను. చదివి వినిపించాను కూడా. రెండో పేజీలో నాకే ఏడుపొచ్చింది.

ఆమె చేపలు తోముతోంది. చెయ్యి ఆపలేదు. బాగుంది మావయ్యా అంది. జనం ఏడుస్తారు అంది. కాశీరావు కూడా ఏడుస్తాడు. అప్పుడు నన్ను నిలబెట్టి మాట్లాడావు, ఇప్పుడు నన్ను కూర్చోబెట్టి మాట్లాడతావు. మాట ఎప్పుడూ నీదేగా.

ఏం చెయ్యమంటావు అన్నాను. ముప్పై ఏళ్ళలో ఆమెను అలా అడిగింది అదే మొదలు అనుకుంటాను.

నీళ్ళు పారబోసి, గిన్నె బోర్లించి అంది. వాడు నిన్ను అడిగాడు. నువ్వు చెప్పలేదు. ఇంక నువ్వు చెప్పొద్దు.

14 డిసెంబర్, ఆదివారం

కూటం పెట్టలేదు. ఒంట్లో బాగాలేదని కాశీరావు చేత చెప్పించాను. కాదు, చెప్పమంది అతనే. నేను సరే అన్నాను.

పదకొండు పేజీలు పొయ్యిలో పెట్టాను. బుల్లెమ్మ దాని మీదే కాఫీ పెట్టింది.

20 డిసెంబర్, శనివారం

రేపు నేను చెబుతాను మావయ్యా అంది. మైకు వద్దు అంది. నువ్వు పక్కన నిలబడొద్దు అంది.

భయంగా లేదా అన్నాను. దేనికి అంది.

21 డిసెంబర్ 2003, ఆదివారం

బుల్లెమ్మ నిలబడి మాట్లాడింది. ఏం చెప్పిందో ఇక్కడ రాయను.

వెనకవాళ్ళకి వినపడలేదు. మైకు పెట్టమంటారా అన్నాడు కాశీరావు. ఆమె అక్కర్లేదంది. గొంతు పెంచలేదు. ఒక్కొక్కరే చాపలు ముందుకి జరుపుకున్నారు.

నేనూ జరిగాను.